గోల్‌పోస్టు కింద మ్యూచువల్ డ్యూటీ

కంచరపాలెం రైల్వే గేటు పక్కన కాంతం టీ బడ్డీ ఉంది. ఆదివారం ఆట అయిపోయాక అక్కడ ఒక కోర్టు కూర్చుంటుంది. జడ్జీలు ఎంతమందైనా ఉంటారు గాని ముద్దాయి మాత్రం ఎప్పుడూ ఒక్కటే, కూర్మన్నపాలెం జట్టు. వాళ్ళు గెలిస్తే దొంగాట ఆడి గెలిచినట్టు, ఓడితే దొంగాట ఆడి కూడా ఓడినట్టు. మన కుర్రాడు ఎదుటివాడి కాలు విరగ్గొట్టినా, "బాలు కోసం ఎల్లేడు, కాలు అడ్డొచ్చింది" అని తీర్పు. ఇందులో కంచరపాలెం వాళ్ళనొక్కళ్ళనే అనడానికి లేదు. కూర్మన్నపాలెం జంక్షన్లో ఇంకో బడ్డీ దగ్గర ఇదే కోర్టు, ఇవే తీర్పులు, పేర్లు మాత్రం తారుమారు.

కాంతం బడ్డీ కోర్టుకి పెద్ద వకీలు శ్రీరామ్మూర్తి. చీపురుపల్లి అవతల వరీ గోగునారా పండించుకునే ఇంట్లో పుట్టి, స్టీల్ ప్లాంటులో ఉద్యోగం దొరికి పట్నం చేరినవాడు. రిటైరయ్యేదాకా మిల్లులో క్రేను నడిపాడు. పైన కేబిన్లో కూర్చుని కింది వాళ్ళతో అరిచి మాట్లాడడం అలవాటై, రిటైరయ్యాక కూడా ఆ గొంతు కిందికి దిగలేదు. ఇంట్లో ఉప్పు అడిగితే పక్క వీధి వాళ్ళు తెచ్చిస్తారేమో అన్నట్టుండేది. "నాను ఎదురుగానే ఉన్నాను, క్రేను కిందన లేను" అని భార్య గౌరీశ్వరి చెప్పీ చెప్పీ విసిగిపోయింది. తోటి ఉద్యోగులు ప్లాంటు దగ్గరికి ఇళ్ళు మార్చుకుంటే ఇతను కంచరపాలెం వదల్లేదు. గౌరీశ్వరి పుట్టింటి వాళ్ళు ఆ వీధిలోనే ఉండడం ఒక కారణం, ఫుట్‌బాల్ రెండో కారణం. ఆ రెండోదే మొదటిదని గౌరీశ్వరి అభిప్రాయం.

ఆ కోర్టులో ముద్దాయి తరఫున వాదించడానికి ఒకే ఒక్కడు వచ్చేవాడు, దయానందం. అదే మిల్లులో, అదే క్రేను మీద, ఇంకో షిఫ్టులో పనిచేసి రిటైరైన మనిషి. సన్నగా పొట్టిగా ఉండేవాడు, చర్చికి వెళ్ళే రోజైనా కాని రోజైనా ఇస్త్రీ చొక్కాయే. కూర్మన్నపాలెం జట్టుకి అతనే మేనేజరు. మేనేజరని పేరు గాని, మంచినీళ్ళ క్యాను మొయ్యడం, కమలాపళ్ళు ఒలిచి పెట్టడం, కాలు బెణికిన వాడికి ఐసు పెట్టడం అతని పనులు. పిల్లలు లేరు. చనిపోయిన చెల్లెలి కొడుకు రిచర్డ్‌ని తెచ్చి పెంచుకున్నాడు. భార్య రత్నమణి కూడా పోయాక ఇంట్లో మామా మేనల్లుడూ మిగిలారు. పొద్దున్న ఆరాధన, తర్వాత ఆట, ఆట అయ్యాక బస్సెక్కి కంచరపాలెం వచ్చి శత్రువుల మధ్య కూర్చుని టీ తాగడం. అతనికి ఆదివారమంటే అదే, వారమంతా ఎదురుచూసేదీ దాని కోసమే.

"రా బావా, రా. మీ దొంగలందరూ కులాసానేనా?" అని శ్రీరామ్మూర్తి దూరం నుంచే మొదలెట్టేవాడు.

"మా దొంగలకేటి, బాగానే ఉన్నారు. మీ రౌడీలకి బెయిలు దొరికిందేటి?" అని దయానందం బల్ల మీద కూర్చోకముందే అందుకునేవాడు.

అక్కణ్ణుంచి టీ గ్లాసులు డిఫెండర్లయిపోయేవి, బిస్కెట్టు బాలయ్యేది, కాంతం గరిటె రిఫరీ అయ్యేది. ఆఫ్‌సైడు అవునా కాదా అన్న ముక్క మీద ఒకసారి రెండు గూడ్సు బళ్ళు వెళ్ళేదాకా గేటు పడి ఉన్నా, గేటు తీశాక కూడా ఆ మాటే. "గ్లాసు పగిలిందంటే రెండు జట్లకీ రెడ్ కార్డే" అని కాంతం కేకలేస్తే గాని లేచేవారు కాదు. లేచాక శ్రీరామ్మూర్తి అతన్ని బస్సు ఎక్కించడానికి వెళ్ళేవాడు, ఆ వాదనతో రెండు బస్సులు తప్పిపోయేవి.

బావా అని పిలుచుకున్నారని చుట్టరికం అనుకునేరు. కులం వేరు, మతం వేరు. మన వైపు మగవాడు మగవాణ్ణి బావా అనడానికి చుట్టరికం ఎవడిక్కావాలి? మరి వాళ్ళకున్నదేమిటంటే మ్యూచువల్. ప్లాంటులో మూడు షిఫ్టులు. పొద్దున్న ఏ, మధ్యాహ్నం బీ, రాత్రి సీ. ఒకడికి అవసరం పడితే ఇంకొకడు ఫోర్‌మన్‌తో ఒక మాట చెప్పి వాడి షిఫ్టుకి నిలబడతాడు, తర్వాత వాడు వీడికి నిలబడతాడు. దాన్ని మ్యూచువల్ అంటారు. అక్కడి వాళ్ళకి అది డ్యూటీ మాట కాదు, మర్యాద మాట. సంబంధాలు చూసుకునేటప్పుడు కూడా "మనిసి ఎలాటోడు?" అంటే, "మ్యూచువల్ అడిగితే కాదనడు" అని చెప్పుకునేవారు. అంతకంటే మంచి పేరు ఇంకొకటి లేదు.

శ్రీరామ్మూర్తి తల్లి పోయినప్పుడు కర్మ పూర్తయ్యేదాకా అతని షిఫ్టులన్నీ దయానందమే చేశాడు. తన షిఫ్టు దిగి, ముఖం మీద నీళ్ళు చల్లుకుని, కింద ఎర్రటి ఇనుము సెగ కొడుతుంటే మళ్ళీ అదే కేబిన్ ఎక్కేవాడు. ఇతను కూడా తక్కువ తినలేదు. దయానందం సర్వీసులో ఏ గుడ్‌ఫ్రైడేకీ, ఏ క్రిస్మసుకీ డ్యూటీ చెయ్యలేదంటే ఇతని వల్లే. రత్నమణి ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఇతను ఇల్లు మర్చిపోయి ఆ క్రేను మీదే ఉన్నాడు.

ఇక గొడవ సంగతి. నిరుడు కంచరపాలెం కప్పు గెలవాల్సింది. స్ట్రైకరు సాయిశంకర్ అదే లీగులో ఇంకో జట్టుకి కూడా ఒక ఆట ఆడాడని కూర్మన్నపాలెం వాళ్ళు కంప్లయింటు పెట్టారు. ఒక ఆటగాడు ఒక జట్టుకే ఆడాలని రూలు. కమిటీ మూడు పాయింట్లు కోసింది, కప్పు చేజారింది. ఆ ఆదివారం కాంతం బడ్డీ దగ్గర శ్రీరామ్మూర్తి గేటు కూడా దద్దరిల్లేలా అరిచాడు. గ్రౌండులో గెలవలేక కాగితంతో గెలిచిన దద్దమ్మలన్నాడు. దయానందం టీ ఊదుకుంటూ, "రూలంటే రూలే బావా. మనోడికొకటీ పరాయోడికొకటీ ఉండదు" అన్నాడు.

అంతమంది ముందు శ్రీరామ్మూర్తికి జవాబు దొరక్కపోవడం అదే మొదలు. ఆ మాట పంటి సందున ఇరుక్కున్న చేప ముల్లులా ఏడాదంతా ఉండిపోయింది.

ఈ ఏడు మళ్ళీ ఆ రెండు జట్లకే పడింది. ఆట రేపనగా కూర్మన్నపాలెం గోల్‌కీపరు తాతబాబుకి ఆట రోజున బీ షిఫ్టు వేశారు. తాతబాబు ఎవరో కాంట్రాక్టరు దగ్గర పనిచేసే కుర్రాడు. కాంట్రాక్టు మనిషికి మ్యూచువల్ ఎక్కడిది? మానేస్తే ఇంకొకణ్ణి పెట్టుకుంటారు. పేర్ల లిస్టు ఎప్పుడో మూసేశారు, జట్టులో ఇంకో గోల్‌కీపరు లేడు. దయానందం ఆ రాత్రి ఎంత ఆలోచించాడో ఏమో గాని, చివరికి ముప్పై ఏళ్ళ ప్లాంటు బుద్ధి ఏం చెప్పిందో అదే చేశాడు. తాతబాబు జెర్సీ, తాతబాబు గ్లోవ్సు లిస్టులో పేరు లేని రిచర్డ్‌కి తొడిగి తాతబాబు స్థానంలో నిలబెట్టాడు. డ్యూటీ పడ్డవాడి బదులు ఇంట్లో ఖాళీగా ఉన్నవాడు నిలబడ్డాడు. అతని లెక్కన అంతే. ప్లాంటు మనిషి తప్ప ఇంకొకడు చెయ్యని పొరపాటది.

ఆట చివర్లో కంచరపాలెం ఒక గోలు వెనకబడి ఉండగా పెనాల్టీ దొరికింది. సాయిశంకర్ కొట్టాడు. గోల్‌కీపరు ఎడమ వైపు గాల్లోకి లేచి వేళ్ళ చివర్లతో బంతిని బయటికి తోసేశాడు. కింద పడి, మట్టి దులుపుకుంటూ లేచి, గీత అవతల నిలబడ్డ దయానందం వైపు చూసి నవ్వాడు. గోల్‌పోస్టు వెనక జనంలో ఉన్న శ్రీరామ్మూర్తికి ఆ నవ్వు చూడగానే తెలిసిపోయింది. ఆ పిల్లాడికి నడక వచ్చిన రోజుల్లో ఇతని వేలు పట్టుకునే, అప్పట్లో దయానందం ఉన్న ప్లాంటు క్వార్టర్ల ముందు తిరిగేవాడు. "సెబాసురా గుంటడా!" అన్న మాట నోటిదాకా వచ్చింది. పక్కన అందరూ తలలు పట్టుకుని ఉండడం చూసి మింగేశాడు. ఆ మాట బయటికి అనేసి ఉంటే ఏ గొడవా లేకపోను.

ఆ సాయంత్రం దయానందం బడ్డీకి రాలేదు. కంచరపాలెం జట్టు సెక్రటరీ తిరుమలరావు సెల్‌ఫోన్లో పెనాల్టీ వీడియో పదే పదే వేసి చూపిస్తున్నాడు. ఇన్సూరెన్సు పాలసీలు అమ్మే మనిషి, వదలడు.

"ఈడు తాతబాబు కాడు. లిస్టులో ఫోటో సూసేను. జిరాక్సు సరిగ్గా లేదు గాని, ఈడు కాడు. ఎవుడో సెప్పేవోడు దొరికితే రేపే కంప్లయింటు" అన్నాడు తిరుమలరావు.

అందరూ శ్రీరామ్మూర్తి వైపు తిరిగారు. కూర్మన్నపాలెంలో ఇళ్ళకి వెళ్ళి భోంచేసే మనిషి ఆ బల్లల మీద ఇంకెవడూ లేడు.

"ఆట అయిపోనాది గదా, ఇంకేటి?" అంది కాంతం పొయ్యి దగ్గర్నుంచి. "ఆ మనిసి కూకునే బల్ల ఖాళీగా ఉంది. అది సూసి మాటాడండి."

తిరుమలరావు ఊరుకోలేదు. "పోయినేడు మన సాయిశంకర్‌ని పట్టించింది ఎవులు? రూలంటే రూలే అని ఈ బల్ల మీద కూకుని అన్నది ఎవులు? సెప్పు బావా. ఆళ్ళు సేత్తే రూలు, మనం సేత్తే పాపమా?"

చేప ముల్లు కదిలింది. "ఆడు రిచర్డ్. దయానందం మేనల్లుడు" అన్నాడు శ్రీరామ్మూర్తి.

అనేసేటప్పుడు అతను అనుకున్నదేమిటో చెప్పాలి, లేకపోతే అతనికి అన్యాయం చేసినవాళ్ళమవుతాం. నిరుడు మనకి మూడు పాయింట్లు కోశారు, ఈసారి వాళ్ళకి కోస్తారు. లెక్క సరి. వచ్చే ఆదివారం దయానందం బల్ల మీద కూర్చోగానే, "ఏటి బావా, రూలంటే రూలే గదా?" అని అడగాలి. దయానందం ఏం జవాబు చెప్తాడో వినాలి. ఆ ముచ్చట తలుచుకుని అతను ఇంటికి నవ్వుకుంటూనే వెళ్ళాడు. పెద్దమనిషి మనసులో ఉన్నది అంతవరకే.

"కమిటీకి ఎల్లే ముందు అన్నయ్యకి ఫోను సేసి ఒక ముక్క సెప్పరాదేటి?" అంది గౌరీశ్వరి అన్నం వడ్డిస్తూ. ఆమె దయానందాన్ని అన్నయ్య అనేది.

"ముందే సెప్పేత్తే మజా ఏటుంటాది? ఆడే సూసుకుంటాడులే" అన్నాడతను.

లీగు ఆఫీసు పూర్ణా మార్కెట్ దగ్గర, ఉల్లిపాయల కొట్టు మీద ఇరుకు గది. అధ్యక్షుడు ఎవరో రిటైరైన డ్రిల్లు మేష్టారు, ఆ ఏడే కుర్చీ ఎక్కాడు. రెండు వైపుల అభిమానులూ వాట్సాపు గ్రూపుల్లో "కమిటీ అమ్ముడుపోయింది" అని ఏడాది పొడుగునా తిట్టిపోస్తే ఆయనకి రోషం వచ్చి ఉంది. ఈసారి ఎవరు దొరికినా ఊరంతా జడిసేలా చెయ్యాలని కూర్చున్నాడు. ఆ సంగతి శ్రీరామ్మూర్తికి తెలియదు. వీడియో చూపించి, "ఈ కుర్రాడెవరు?" అని అడిగారు.

"రిచర్డ్ అండి."

"మీకెలా తెలుసు?"

"సిన్నప్పట్నించీ తెలుసండి. నా సేతుల్లోనే పెరిగేడు."

ఆ మాట బయటికి వచ్చాక గాని అది ఎలాంటి మాటో అతనికి వినపడలేదు. ఎదురుగా దయానందం ఇస్త్రీ చొక్కాతో నిలబడి ఉన్నాడు. అతన్ని అడిగితే అబద్ధం ఆడలేదు.

"తాతబాబుకి బీ షిఫ్టు పడిందండి. ఆడి బదులు మావోడు నిలబడ్డాడు. మ్యూచువల్ అండి అది. మోసం సేద్దామని కాదండి."

"మ్యూచువల్ ఏమిటి? ఒకడి పేరుతో ఇంకొకణ్ణి ఆడించడాన్ని మోసం అనే అంటారు" అన్నాడు మేష్టారు. కమిటీలో ఒకరిద్దరు నవ్వారు.

దయానందం తల తిప్పి శ్రీరామ్మూర్తి వైపు చూశాడు. కోపంగా కాదు. నువ్వు చెప్పు బావా, వీళ్ళకి తెలియదు, నీకు తెలుసు కదా అన్నట్టు చూశాడు. ఆ గదిలో మ్యూచువల్ అంటే ఏమిటో తెలిసినవాడు ఇంకొక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడూ లేచి, అయ్యా, ఈయన రూలు తప్పాడు నిజమే గాని బుద్ధి తప్పలేదు, మా అమ్మ పోయినప్పుడు నా స్థానంలో ఇలాగే నిలబడ్డాడు అని చెబితే మేష్టారు మెత్తబడేవాడో కాదో. ఆ మాట మాత్రం అక్కడ ఒకరు అనాల్సిన మాట. పక్కనున్న తిరుమలరావు అతని మోకాలు మీద చెయ్యేసి నొక్కాడు. శ్రీరామ్మూర్తి నోరు తెరవలేదు. తప్పంతా తిరుమలరావు చెయ్యి మీదికి తోసేసి ఊరుకోవడం కుదరదు. రూలంటే రూలే అన్న మనిషి అలా మాట పడిపోయి నిలబడడం చూస్తే ఇతనికి లోపల ఎక్కడో తీపిగా కూడా ఉంది. దాచి లాభం లేదు. కిటికీలోంచి మార్కెట్ కేసి చూస్తూ కూర్చున్నాడు.

తీర్పు చదివారు. జట్టుని ఈ ఏడు లీగు నుంచి తీసేశారు. రిచర్డ్ రెండేళ్ళు ఎక్కడా ఆడకూడదు. దయానందం ఇక ముందు ఏ ఆటలోనూ గీత దాటి లోపలికి అడుగు పెట్టకూడదు, మేనేజరుగా గాని, నీళ్ళిచ్చేవాడిగా గాని. ఎన్నేళ్ళో అందులో లేదు. అంటే ఎప్పటికీ అనే.

మెట్ల కింద రిచర్డ్ ఎదురుచూస్తున్నాడు. "పెదనాన్నా, ఏటన్నారు? వొచ్చే నెల కంపెనీ టీములో సెలక్షన్లు ఉన్నాయి. లీగు కమిటీవోళ్ళు ఏ మచ్చా లేదని రాసిత్తే గాని రానివ్వరంట" అన్నాడు. బావ వరస లెక్కన శ్రీరామ్మూర్తి వాడికి పెదనాన్న. ఆ సెలక్షన్ల సంగతి ఇతనికి అప్పుడే తెలిసింది.

వెనకనుంచి దయానందం దిగివచ్చాడు. "పద నాన్నా" అని మేనల్లుడి భుజం మీద చెయ్యేశాడు. రెండడుగులు వేసి ఆగి, "నువ్వు అబద్దం సెప్పలేదు బావా" అన్నాడు. ఉల్లిపాయల బస్తాల మధ్య నుంచి ఇద్దరూ రోడ్డు మీదికి వెళ్ళిపోయారు.

కప్పు కంచరపాలెం గెలిచింది. డప్పులు కొట్టి గేటు దాకా ఊరేగించారు, శ్రీరామ్మూర్తి మెడలో కూడా ఒక బంతిపూల దండ వేశారు. బడ్డీ దగ్గర కోర్టు కూర్చుంది. మనకి మూడు పాయింట్లతో వదిలేసి వాళ్ళకి ఏడాది వెయ్యడం ఏం న్యాయమని కొందరు, దొంగకి దొంగ శిక్షేనని కొందరు, ఒక వారం మాట్లాడుకున్నారు. రెండో వారానికి ఆ మాటలో పస అయిపోయింది. ముద్దాయి వైపు నిలబడేవాడు లేకపోతే వాదన ఎంతసేపు నడుస్తుంది? కూర్మన్నపాలెం వాళ్ళు దొంగలని తిరుమలరావు అంటే అందరూ అవునన్నారు. అవునన్నాక ఇంకేమీ మిగల్లేదు. మాట మధురవాడ స్థలాల రేట్ల మీదికి వెళ్ళిపోయింది. కాంతం శ్రీరామ్మూర్తికి టీ ఇచ్చి డబ్బులు తీసుకునేది, మాట్లాడేది కాదు.

దయానందానికి ఫోను చేశాడు. ఎత్తలేదు. మళ్ళీ చేశాడు, ఎత్తలేదు. నిజం బావలయితే ఎవరి పెళ్ళిలోనో ఎదురుపడేవారు, పక్క పక్క విస్తళ్ళలో కూర్చోబెడితే పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి కలిసిపోయేవారు. చుట్టరికంలో ఉన్న సుఖం అది, తెగినా ఎవరో ఒకరు పట్టుకుని ముడేస్తారు. వీళ్ళ మధ్య ఉన్నది వీళ్ళు కట్టుకున్నది. అది తెగితే మళ్ళీ కట్టడానికి ఊళ్ళో ఇంకెవడికీ పని లేదు.

క్రిస్మసు వచ్చింది. ఏటా దయానందం ఇంటి నుంచి ఒక కేకూ, స్టీలు డబ్బాలో గవ్వలూ వచ్చేవి. గౌరీశ్వరి ఆ రోజు పొద్దుటి నుంచి వీధి తలుపు తీసే ఉంచింది. సాయంత్రం తలుపు వేస్తూ అంది, "మా అత్త పోనప్పుడు నువ్వు బుగత లాగ దర్జాగా పీట మీద కూకుని కర్మ సేసేవంటే, ఆ మనిసి నీ క్రేను ఎక్కేడు గనక. ఆ ముక్క ఒక్కటి అక్కడ సెప్పలేకపోనావు. నిజమే సెప్పేవు. కాదన్లేదు. సగం నిజం సెప్పేవు." శ్రీరామ్మూర్తి ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని ఏడ్చాడు. తల్లి పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు.

కొత్త సంవత్సరం వచ్చాక ఒక ఉదయం బస్సెక్కి కూర్మన్నపాలెం వెళ్ళాడు. దయానందం అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్నాడు. చొక్కాకి ఇస్త్రీ లేదు. గేటు చప్పుడికి తలెత్తి, లేచి నిలబడ్డాడు.

"రండి శ్రీరామ్మూర్తి గారూ. లోపలికి రండి" అన్నాడు.

కుర్చీ తుడిచి వేశాడు. ఈ ఇంట్లో శ్రీరామ్మూర్తి ఏనాడూ కుర్చీలో కూర్చోలేదు, నేల మీద గోడకి చేరగిలబడి రత్నమణితో "ఇంకో ముక్క వెయ్యమ్మా" అంటూ చేపల పులుసు తిన్న మనిషి. కుర్చీ అంచున కూర్చున్నాడు. దయానందం టీ పెట్టి కప్పూ సాసరుతో తెచ్చిచ్చాడు.

"రిచర్డ్ ఏడీ?"

"పనికెళ్ళేడండి. సేపల రేవులో ఐసు దింపడానికి కుదిరేడు. తెల్లారకుండా ఎల్లాల."

గౌరీశ్వరి ఆరోగ్యం అడిగాడు దయానందం. చలి ఎక్కువగా ఉందన్నాడు. బస్సులో సీటు దొరికిందా అన్నాడు. అన్నిటికీ చివర 'అండి' ఉంది. శ్రీరామ్మూర్తికి ఒక్కటే దారి తోచింది, ముప్పై ఏళ్ళు పనిచేసిన దారి. గొంతు పెంచి, నవ్వు తెచ్చి పెట్టుకుని, పక్కనున్న బల్ల మీద చేత్తో కొట్టాడు.

"ఎన్ని సెప్పు బావా, మీ కూర్మన్నపాలెపోల్లు మొదట్నించీ దొంగలే!"

అని ఊపిరి బిగబట్టి చూశాడు. ఇప్పుడు లేస్తాడు. మీ రౌడీలో అంటాడు, సాయిశంకర్ సంగతేటి అంటాడు. తిట్టినా పర్వాలేదు, గెంటినా పర్వాలేదు. ఎంత తిడితే అంత మంచిది.

"అవునండి" అన్నాడు దయానందం. "తప్పు మావోళ్ళదే. మీరన్నదే నిజం."

ఎన్నో ఏళ్ళు ఎన్నో ఆదివారాలు ఆ ఒక్క మాట అనిపించాలని శ్రీరామ్మూర్తి కాంతం గ్లాసులన్నీ అటూ ఇటూ జరిపాడు. గొంతు పోయేలా అరిచాడు. ఒక్కసారైనా అనిపించలేకపోయాడు. ఇప్పుడు అడక్కుండానే అనేశాడు.

"అది కాదు. ఆ రోజు కమిటీలో నాను ఒక మాట సెప్పవలసింది. నువ్వు నాకేసి సూసేవు. నాను..."

"అయ్యన్నీ ఇప్పుడెందుకండి. టీ సల్లారిపోతాది, తాగండి" అన్నాడు దయానందం. గొంతులో నిష్ఠూరం కూడా లేదు. ఇంటికి వచ్చిన ఎవరితోనైనా అలాగే అంటాడు.

శ్రీరామ్మూర్తి టీ తాగాడు. చక్కెర అతనికి ఎంత కావాలో అంతే ఉంది. కప్పు కింద పెట్టి, లేచి, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకున్నాడు. దయానందం గేటు దాకా వచ్చి, రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాడు. వాళ్ళిద్దరూ ఒకళ్ళకొకళ్ళు నమస్కారం పెట్టుకోవడం ఎన్నడూ లేదు. శ్రీరామ్మూర్తికి ఇంకేం చెయ్యాలో తెలియలేదు. తనూ చేతులు జోడించాడు.